రాడార్‌లో ఎరుపు, పొలంలో వడ్లు: గాలివానల మీద అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్, మే నెలల్లో మా ఇంట్లో సాయంత్రం టీ ఎప్పుడూ చల్లారిపోయే తాగుతాను. మధ్యాహ్నం మూడు దాటిందంటే ల్యాప్‌టాప్‌లో రాడార్ చిత్రం, చేతిలో ఫోన్. హన్మకొండలో కూర్చుని గాలివానల వెంట పడటం మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. ఉద్యోగం వేరే, ఇది నా పిచ్చి. మా వాట్సాప్ గ్రూపులో రైతులున్నారు, ఇటుక బట్టీల వాళ్లున్నారు, పెళ్లిళ్ల టెంట్లు వేసేవాళ్లున్నారు. వాళ్లు అడిగే ప్రశ్నలు ఏటా ఇంచుమించు ఇవే.

అపోహ: రాడార్‌లో ఎర్రగా ఉందంటే కింద కుండపోత కురుస్తున్నట్టే.

మన వరంగల్ వైపు మేఘాలను చూపించేది హైదరాబాద్ బేగంపేటలోని డాప్లర్ రాడార్. మనకూ దానికీ నేరుగా కొలిస్తే 130 కిలోమీటర్ల దూరం. రాడార్ కిరణాన్ని కాస్త పైకెత్తి వదులుతారు, ఆపైన భూమి గుండ్రంగా ఉంది. దాంతో ఆ కిరణం హన్మకొండ మీదికి వచ్చేసరికి నేలకు రెండు కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. అంటే మనం చూసే ఎరుపు అన్నది మేఘం నడుములో ఉన్న సరుకు. అది పెద్ద చినుకులు కావచ్చు, తడిసిన వడగండ్లు కావచ్చు. కిందికి ఎంత చేరుతుందన్నది వేరే లెక్క.

ఎండాకాలంలో మేఘం అడుగున గాలి పొడిగా ఉంటుంది. పడే చినుకుల్లో చాలా భాగం దారిలోనే ఆవిరవుతుంది. ఆవిరైన చోట గాలి చల్లబడి, బరువెక్కి, ఒక్కసారిగా నేలకు దిగి నలువైపులా పరుగెడుతుంది. "నాలుగు చినుకులే పడ్డాయి సార్, కానీ రేకులు లేచిపోయినయ్" అని జనం ఆశ్చర్యపోయేది ఇందుకే. చినుకులు తక్కువైనా గాలి ఎక్కువగా ఉండటంలో వింతేమీ లేదు.

ఈ ముక్క నాకు పుస్తకాల్లో కంటే ఒక తప్పు వల్ల బాగా తెలిసింది. ఒక మే నెల సాయంత్రం హుజురాబాద్ మీద మంచి బలమైన మేఘం లేచి మావైపు కదిలింది. ఎల్కతుర్తి దగ్గరికి వచ్చేసరికి రాడార్‌లో ఎరుపు పసుపైంది, పసుపు ఆకుపచ్చైంది. "ఇక రాదు, నిశ్చింతగా ఉండండి" అని గ్రూపులో పెట్టేశాను. ధర్మసాగర్ దగ్గర మా మామ కల్లంలో వడ్ల మీది పరదా తీసి ఆరబెట్టాడు. అరగంట తిరక్కుండా చల్లగాలి, దాని వెంట దుమ్ము, ఆ వెంటనే నెత్తిన కొత్త మేఘం. చచ్చిపోతున్న పాత మేఘం విసిరిన చల్లగాలి ముందున్న వేడిగాలిని పైకి తోసి కొత్తదాన్ని లేపింది. అలా పరుగెత్తే గాలి నేలకు అతుక్కుని ఉంటుంది, రెండు కిలోమీటర్ల ఎత్తున పోయే కిరణానికి చిక్కదు. రాత్రి మామ ఫోన్: "అల్లుడా, రాదంటివి గదా." తిట్టి ఉంటే బాగుండేది.

అప్పటి నుంచి రాడార్ చూశాక ముగ్గురికి ఫోన్ చేస్తాను. ఒకరు ఎల్కతుర్తిలో, ఒకరు జనగామ రోడ్డు మీద, ఇంకొకరు పరకాలలో. అడిగేది ఒకటే: "దుమ్ము లేచిందా? గాలి చల్లబడ్డదా?" ఆ తర్వాతే గ్రూపులో రాస్తాను.

అపోహ: పొద్దున ఆరెంజ్ అలర్ట్ ఇచ్చారు, మా ఊళ్లో చుక్క పడలేదు. అంతా ఉత్తదే.

అలర్ట్ ఇచ్చింది జిల్లాకు, మీ చెల్కకు కాదు. ఒక ఉరుముల మేఘం వెడల్పు ఐదు నుంచి పది కిలోమీటర్లు. జిల్లాలో నాలుగు మేఘాలు లేచి మూడు మండలాలను ఊడ్చేస్తే అలర్ట్ నిజమైనట్టే, నాలుగో మండలంలో ఎండ కాసినా సరే.

పొద్దున తెలిసేది వాతావరణం ఎంత కాగి ఉందన్నదే. విదర్భ నుంచి తెలంగాణ మీదుగా కిందికి ద్రోణి (గాలి పీడనం తక్కువగా ఉండే పొడవాటి పట్టీ) ఉందా, బంగాళాఖాతం నుంచి తేమ వస్తోందా, మధ్యాహ్నం ఎండ ఎంత ముదురుతుంది, పైన చల్లదనం ఎంత. పాలు కాగుతున్నాయని చెప్పొచ్చు కానీ మొదటి పొంగు ఏ అంచున లేస్తుందో చెప్పలేం. మధ్యాహ్నానికి ఇన్సాట్ ఉపగ్రహ చిత్రాల్లో తెల్లటి చుక్కలు మొలుస్తాయి, అప్పుడు మండలాల పేర్లు చెప్పగలం. వాతావరణ శాఖ నౌకాస్ట్ (అప్పటికప్పుడు చెప్పే అంచనా) ఇచ్చేది కూడా తర్వాతి మూడు గంటలకే. ఇక ఊరి పేరు చెప్పాలంటే ఆఖరి అరగంట, ముప్పావు గంటే. అదీ వరుసగా మూడు నాలుగు రాడార్ చిత్రాలు చూసి, మేఘం ఎటు, ఎంత వేగంతో జరుగుతోందో లెక్క వేస్తేనే. ఒక్క స్క్రీన్‌షాట్ పంపి "అన్నా, మాకు వస్తదా?" అంటే నా దగ్గర జవాబు ఉండదు.

రంగులకు అర్థం కూడా చెప్తాను: పసుపు అంటే గమనిస్తూ ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త పడమని.

అపోహ: వాన మొదలుకాలేదు కాబట్టి పిడుగు పడదు.

వాన పడే చోటికి పది కిలోమీటర్ల అవతల కూడా పడుతుంది. ఉరుము వినిపించిందంటే మీరు దాని పరిధిలో ఉన్నట్టే. మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున లెక్కేసుకోండి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా పొలానికి పోకండి. ఫోన్‌లో పిడుగుల హెచ్చరికలు ఇచ్చే దామిని యాప్ పెట్టుకోండి. "అర్జునా, ఫల్గుణా" అనుకోండి, తప్పులేదు. చింతచెట్టు కింద నిలబడి మాత్రం వద్దు.

అపోహ: రాళ్లవాన ఎండాకాలంలోనే వస్తుంది.

2022 జనవరిలో నర్సంపేట, పరకాల వైపు మిర్చి తోటలను అడగండి.

అపోహ: తుఫాను తీరం దాటిందంటే మనకు గండం గడిచినట్టే.

తీరం దాటాక తగ్గేది గాలి. తేమ ఎక్కడికీ పోదు. మొంథా తుఫాను 2025 అక్టోబర్ 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటింది, మరునాడు వరంగల్, హన్మకొండ కాలనీలు మునిగాయి. ఆ పొద్దున టీవీలో "బలహీనపడింది" అన్న మాట విని బయల్దేరినవాళ్లు మా గ్రూపులోనే ఉన్నారు. బలహీనపడటం అన్నది గాలి వేగాన్ని బట్టి పెట్టిన పేరు, వాన కొలత కాదు.

అపోహ: ఎక్కువ వాన పడితే అది క్లౌడ్ బరస్ట్.

ఒక చిన్న ప్రాంతంలో గంటకు 100 మిల్లీమీటర్లు పడితేనే ఆ పేరు. 2023 జూలై 27 ఉదయం వరకు 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు పడింది, రాష్ట్రంలో అంతకుముందు రికార్డు 2013లో వాజేడులోని 517.5. ఒక్కో చదరపు మీటరు మీద 650 లీటర్లు అన్నమాట. మొరంచపల్లిని వాగు ముంచేసింది ఆ పొద్దునే. ఒకే చోట మేఘాలు రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి వస్తూ ఉంటే మొత్తం అలా పేరుకుంటుంది. గంట గంట లెక్క చూడకుండా పేరు పెట్టేస్తే ఎలా? 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు చేరినప్పుడైతే క్లౌడ్ బరస్ట్ వెనక విదేశీ కుట్ర అనే దాకా పోయింది మాట. నది పరీవాహకమంతా రోజుల తరబడి పడిన వాన అది.

అపోహ: మేడారం అడవిలో చెట్లు కూలడం, తర్వాత వచ్చిన భూకంపం, రెండిటికీ లింకు ఉంది.

2024 ఆగస్టు 31న తాడ్వాయి - మేడారం అడవిలో వేలకు వేల చెట్లు కొద్దిసేపట్లో నేలకూలాయి. డిసెంబర్ 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. "చెప్పలే?" అంటూ నాకు వచ్చిన మెసేజ్‌లకు లెక్కలేదు.

చెట్లను కూల్చింది నేల మీది గాలి. భూకంపం పుట్టింది కిలోమీటర్ల లోతున. గోదావరి లోయ వెంట పాత పగుళ్లున్నాయి, 1969లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది, అప్పుడు ఏ అడవీ కూలినట్టు ఎవరూ చెప్పుకోలేదు.

నాకు ఆసక్తిగా ఉన్నది వేరే ప్రశ్న: అది టోర్నడోనా (సుడిగాలి), డౌన్‌బరస్టా (మేఘం నుంచి ఒక్కసారిగా కిందికి దిగే గాలి)? అప్పట్లో రెండు మాటలూ వినిపించాయి. పడిన చెట్లను పైనుంచి చూసి కొంత చెప్పొచ్చు. సుడిగాలి అయితే చెట్లు ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా, ఒక సన్నటి దారి వెంట పడతాయి. పైనుంచి గుదిబండలా దిగిన గాలి అయితే ఒకే వైపు గానీ, నడుమ నుంచి విసనకర్రలా బయటికి గానీ పడుకుంటాయి. ఆ సాయంత్రం మాకు ఫోన్ ఎత్తి "దుమ్ము లేచింది" అని చెప్పడానికి ఆ అడవిలో ఎవరూ లేరు. ఈసారి తాడ్వాయిలో ఒక కిరాణా కొట్టాయన నంబరు సంపాదించాను.