విలేకరి నవల రాస్తే: ఇనుగుర్తి నుంచి జిల్లా పేజీ దాకా

హనుమకొండలో పుస్తకావిష్కరణ సభలకు పోయేవాళ్లకు ఈ మాట కొత్తది కాదు. నవల రాసింది విలేకరి అయితే చాలు, ఎవరో ఒకరు "బాగుంది గానీ రిపోర్టింగ్ లాగుంది" అంటారు. అది మెచ్చుకోలో దెప్పిపొడుపో ఓ పట్టాన తేలదు. పత్రికలో పని రచయితను బాగుచేస్తుందా, చెడగొడుతుందా అనే వాదన అక్కడి నుంచే మొదలవుతుంది. ఈ ప్రాంతపు పత్రికల చరిత్ర చూస్తే మాత్రం, ముందు అడగాల్సింది అతను ఎలాంటి పత్రికలో పనిచేశాడని.

1922లో ఇనుగుర్తి నుంచి 'తెనుగు పత్రిక' అనే వారపత్రిక వచ్చింది. అప్పటి వరంగల్ జిల్లాలోని ఆ ఊరు ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అనే అన్నదమ్ములు దాన్ని నడిపారు. కొలువైనా, కచేరీ అయినా ఉర్దూలోనే సాగే నిజాం కాలంలో ఒక పల్లెలో తెలుగు అచ్చుయంత్రం పెట్టుకోవడమంటే మాటలా! వార్తలు రాసిన ఆ చేతులే రుద్రమదేవి మీద చారిత్రక నవల కూడా రాశాయి. ఇంత రాయాలి, ఇలాగే రాయాలి అని చెప్పే పైవాడు వాళ్లకు లేడు.

1926లో హైదరాబాద్‌లో సురవరం ప్రతాపరెడ్డి మొదలుపెట్టిన 'గోలకొండ పత్రిక'లో వట్టికోట ఆళ్వారుస్వామి కొంతకాలం ప్రూఫులు దిద్దారు. ప్రూఫ్ రీడర్ కంటికి ఊరి పేరు, తేదీ, మనిషి హోదా వెంటనే ఆనుతాయి. ఆయన 'ప్రజల మనిషి' నవలలో ఆ కన్ను కనబడుతుంది. నిజామాబాద్ వైపు పల్లెలో వెట్టి ఎట్లా నడిచింది, మతమార్పిడులు ఎందుకు జరిగాయి, ఆంధ్ర మహాసభ ఊళ్లోకి ఎట్లా వచ్చింది అన్నీ వరసగా దొరుకుతాయి. అక్కడక్కడా పాత్రలు మాట్లాడుతున్నట్టు కాక సంపాదకీయం చదువుతున్నట్టుంటుంది, నిజమే. కానీ ఆ సంగతులను అంత దగ్గరగా రాసి పెట్టినవాళ్లు అప్పటికి ఎందరున్నారు? నాకైతే ఆ లోపం పెద్దగా అడ్డురాలేదు.

వరంగల్‌కు సొంతమైన ఉదాహరణ 'కాకతీయ పత్రిక'. 1948లో పాములపర్తి సదాశివరావు, పి.వి. నరసింహారావు కలిసి మొదలుపెట్టారు. ఇద్దరూ జయ, విజయ అనే కలం పేర్లతో రాసేవారు. పి.వి. 'గొల్ల రామవ్వ' కథ 1949లో అందులోనే వచ్చింది. పోలీసుల నుంచి ఓ యువకుణ్ని కాపాడిన ముసలవ్వ కథ అది. పోలీసు చర్య ముగిసి ఏడాదే అయింది కాబట్టి పాఠకులకు అది దాదాపు వార్తే. కథలో మాత్రం రామవ్వ తన మాటే మాట్లాడుతుంది. తర్వాత 1950ల చివర్లో ఎం.ఎస్. ఆచార్య 'జనధర్మ' కూడా ఇక్కడి నుంచే వచ్చింది.

విలేకరి శైలి అనగానే అందరూ అమెరికన్ నవలాకారుడు హెమింగ్వే పేరెత్తుతారు. 1917లో ఆయన చేరిన కాన్సాస్ సిటీ స్టార్ పత్రిక నియమావళి చిన్న వాక్యాలు రాయమంది. ఆయన జీవితాంతం దాన్ని మెచ్చుకున్నాడు. కొలంబియా నవలాకారుడు మార్క్వెజ్ కథ వేరు. 1955లో ఓడ మీది నుంచి సముద్రంలో పడి బతికి వచ్చిన నావికుడి అనుభవాన్ని పత్రికలో ధారావాహికంగా రాస్తూ, అతనే చెబుతున్నట్టు 'నేను' అని రాశాడు. విలేకరి పక్కకు తప్పుకొని ఎదుటివాడి గొంతుకు చోటిచ్చాడన్నమాట. మన దగ్గర ఈ రెండో పాఠమే కష్టమైంది.

దానికి కారణం 1989 తర్వాత వచ్చిన మార్పు. ఆ ఏడాది 'ఈనాడు' జిల్లా పేజీలను విడి సంచికగా ఇవ్వడం మొదలుపెట్టింది. మిగతా పత్రికలు అదే బాట పట్టాయి. మండలానికో విలేకరి తయారయ్యాడు. రాసిన కాపీని కవర్లో పెట్టి ఆర్టీసీ బస్సులో పంపితే, డెస్క్‌లో సబ్ ఎడిటర్ దాన్ని కత్తిరించి ప్రామాణిక భాషలోకి మార్చేవాడు. అవ్వ "పానం బాగలేకుండె" అంటే, పేపర్లో "అనారోగ్యంతో బాధపడుతూ" అని వచ్చేది. ఏళ్ల తరబడి అట్లా దిద్దించుకున్నవాడికి, డెస్క్ లేనప్పుడు కూడా లోపల ఒక సబ్ ఎడిటర్ కూర్చుంటాడు. అతని నవలలో ప్రతి అధ్యాయం ఇంట్రోతో మొదలవుతుంది. మొదటి పేరాలోనే ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నీ చెప్పేస్తాడు.

ఈ ప్రాంతపు రచయితదే అయిన 'అంపశయ్య' 1969 నాటి నవల. ఒక విద్యార్థి మనసులో తోచినదల్లా తోచినట్టే పారుతుంది. రాసిన నవీన్ లెక్చరర్. అదే పత్రికకు పంపిన కాపీ అయితే ఏ డెస్కూ దాటి ఉండేది కాదు.

అయితే ఆ జిల్లా పేజీల కాలమే విలేకరులకు బోలెడు కథలిచ్చింది. 1980, 90లలో వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఎదురుకాల్పుల వార్త లేని వారం అరుదు. పేపర్లో "పోలీసుల కథనం ప్రకారం" అని నాలుగు లైన్లు వచ్చేవి. మార్చురీ ముందు తల్లి ఏమన్నది, ఊళ్లో ఎవరు నోరు మూసుకున్నారు అనేది నోట్‌బుక్‌లోనే మిగిలేది. పేపర్లో చోటు దొరకనిది తర్వాత కథల్లోకి, కాలమ్‌లలోకి చేరింది. టెన్షన్‌లో పుట్టిన ఆ రాతలో విశేషణాలు తక్కువ, చూసింది ఎక్కువ. విలేకరి ఉద్యోగం నవలకు ఇచ్చిన మేలు ఏదైనా ఉంటే అది ఇదేనని నా లెక్క.

2011లో అల్లం నారాయణ సంపాదకుడిగా 'నమస్తే తెలంగాణ' వచ్చాక తెలంగాణ మాట హెడ్డింగుల్లోకి ఎక్కింది. డెస్క్ భయం కొంత తగ్గింది. అంతలోనే పని తీరు మారిపోయింది. ఇప్పుడు మండల విలేకరి ఫోన్‌కు పొద్దున్నుంచీ ప్రెస్‌నోట్లు వాట్సాప్‌లో వచ్చి పడుతుంటాయి, ఫొటోతో సహా. ఊరికి పోకుండానే వార్త పూర్తవుతుంది. తన మాట రాసుకునే వీలు దొరికిన నాటికి, ఊరివాళ్ల మాట వినే అవసరం తగ్గింది. ఈ తరం విలేకరులు నవలలు రాస్తే ముందుగా సంభాషణలే చూడాలి.