రాజుగారి పేరుతో అచ్చయిందంతా రాజుగారే రాశారా? అపోహలు - వాస్తవాలు

"చార్లెస్ ఇలా రాశాడు." రాజు మొదటి చార్లెస్‌కూ పార్లమెంటుకూ మధ్య 1642లో మొదలైన ఇంగ్లండ్ అంతర్యుద్ధం మీద మా ఎం.ఏ. పిల్లలు రాసే డిసర్టేషన్ ఏది తెరిచినా ఈ వాక్యం కనిపిస్తుంది. కింద ఫుట్‌నోట్‌లో 1642 నాటి ఏదో ఒక ప్రకటన పేరు, రచయిత అన్నచోట మొదటి చార్లెస్. గైడ్‌గా నా ఎర్ర పెన్ను ఎక్కువసార్లు ఆగేది అక్కడే. లైబ్రరీ కేటలాగుల్లో కూడా ఆ ప్రకటనల్ని రాజు పేరు కిందే చేరుస్తారు కాబట్టి తప్పంతా పిల్లలదే అనలేను. కానీ నెలల తరబడి కష్టపడి చేసిన పని ఈ ఒక్క పొరపాటు వల్ల వైవాలో నిలబడకపోవడం చూశాను. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తాను. మిగతావి తొందరగా ముగిస్తాను.

అపోహ: టైటిల్ పేజీ మీద రాజు పేరు ఉంటే అది రాజు రాసినట్టే

కాదు. 1642లో రాజు పేరుతో వచ్చిన ముఖ్యమైన ప్రకటనల్లో చాలావాటికి ముసాయిదా రాసింది ఎడ్వర్డ్ హైడ్. తర్వాత రోజుల్లో క్లారెండన్ ప్రభువు అయింది ఈయనే. అప్పటికి పార్లమెంటు దిగువసభ కామన్స్‌లో సభ్యుడు. ఆ ఏడాది జనవరి 4న చార్లెస్ ఐదుగురు సభ్యుల్ని పట్టుకోవడానికి ఆయుధాలు పట్టిన మనుషులతో సభకు వెళ్లి, వాళ్లు దొరక్క వెనక్కి వచ్చాడు. కొద్ది రోజుల్లోనే లండన్ వదిలేశాడు. మార్చిలో యార్క్ చేరాడు. హైడ్ మాత్రం లండన్‌లోనే ఉన్నాడు. ఒకపక్క సభకు వెళ్తూనే, ఆ సభ రాజుకు పంపే ప్రకటనలకు రాజు తరఫున జవాబులు రాసి గుట్టుగా యార్క్‌కు పంపేవాడు.

ఆ జవాబు ఎవరి కలం నుంచి వచ్చిందో పార్లమెంటుకు తెలిస్తే హైడ్ పని అయిపోయినట్టే. అందుకని చార్లెస్ ఆయనకు ఒక మాట ఇచ్చాడు. పంపిన ప్రతి కాగితాన్నీ తన చేత్తో ఎత్తి రాసుకున్నాకే ఇంకొకరికి చూపిస్తానన్నాడు. చూపించేది ఆ నకలునే. పెద్ద పెద్ద జవాబులు ఎత్తి రాయడానికి రాజు ఒక్కోసారి రెండు మూడు రోజులు గదిలోనే ఉండిపోయేవాడని తర్వాత హైడే రాసుకున్నాడు.

ఈ సంగతి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. "మేడమ్, ప్రింటు సంగతి సరే, కాగితం రాజు దస్తూరిలోనే ఉంటే ఇంకేం సాక్ష్యం కావాలి?" అని అడుగుతుంటారు. దస్తూరి రాజుది కావచ్చు. అయినా వాక్యం హైడ్‌ది కావచ్చు. ఈ యుద్ధం విషయంలో ఎవరి చేతిరాత అన్నదీ, ఎవరి రచన అన్నదీ వేర్వేరు ప్రశ్నలు. రెండూ విడివిడిగా అడగాలి.

దీనివల్ల ఎక్కువ దెబ్బ తగిలేది పందొమ్మిది ప్రతిపాదనలకు ఇచ్చిన జవాబు దగ్గర. పార్లమెంటు జూన్ 1న ప్రతిపాదనలు చేసింది. మంత్రుల నియామకం, సైన్యం, కోటలు, చివరికి రాజు పిల్లల పెళ్లిళ్లు కూడా తమ ఆమోదంతోనే జరగాలంది. జూన్ 18న రాజు జవాబు వచ్చింది. అందులో ఇంగ్లండ్ పరిపాలన అంటే రాచరికం, కులీనుల పాలన, ప్రజల పాలన కలిసిన మిశ్రమం అనీ, చట్టాలు చేసేది రాజు, లార్డ్స్ (ప్రభువుల సభ), కామన్స్ కలిసేననీ ఉంది. పిల్లలకు ఈ పేరా దొరికితే పండగే. "చార్లెస్ మిశ్రమ రాచరికాన్ని నమ్మాడు" అని ఒక అధ్యాయమే కట్టేస్తారు.

ఆ జవాబు రాసింది ఫాక్లండ్ ప్రభువు, జాన్ కోల్‌పెపర్. ఇద్దరూ రాజు సలహాదారులే, మధ్యేమార్గం మనుషులు. అది చూసి హైడే ఇబ్బంది పడ్డాడు. బిషప్పులు, ప్రభువులు, సామాన్యులు అనే మూడు వర్గాలకు పైన ఉండాల్సిన రాజును తీసుకొచ్చి ఆ మూడింటిలో ఒకటిగా కూర్చోబెట్టారని ఆయన బాధ. ఆయన భయపడ్డట్టే అయింది. రాజు జవాబుల్లోని మాటల్నే పట్టుకుని హెన్రీ పార్కర్ ఆ జులైలోనే పార్లమెంటు తరఫున వాదన రాశాడు. మరుసటి ఏడాది ఫిలిప్ హంటన్ మిశ్రమ రాచరికం మీద ఏకంగా ఒక గ్రంథమే రాశాడు.

ఇప్పుడు 1649 జనవరి 30న వైట్‌హాల్‌లో బాంక్వెటింగ్ హౌస్ ముందు వధ్యవేదిక మీద చార్లెస్ మాట్లాడింది చూడండి. విన్నవాళ్లు అక్కడే రాసుకుని అచ్చువేసిన ప్రసంగం అది. ప్రజల స్వేచ్ఛ కావాలన్నాడు. కానీ ప్రభుత్వంలో వాటా ప్రజలది కాదన్నాడు. పాలకుడు, పాలితుడు పూర్తిగా వేర్వేరు అన్నాడు. 1642 జవాబు చార్లెస్ సొంత నమ్మకమే అయితే, ఏడేళ్లలో ఆ నమ్మకం ఎటు పోయింది? వైవాలో అడిగేది సరిగ్గా ఇదే. ముసాయిదా రాసిందెవరో తెలియని వాళ్ల దగ్గర దీనికి జవాబు ఉండదు.

అలాగని ఇంకో చివరకు దూకెయ్యకండి. మా దగ్గర చదివి మాస్టర్స్ కోసం లండన్ వెళ్లిన ఒకమ్మాయి ఒక రాత్రి ఫోన్ చేసింది. గొంతు వణుకుతోంది. రాజు పేరుతో వచ్చినవన్నీ నకిలీవేనని ఎక్కడో వీడియోలో చూసిందట. "మేడమ్, నేను రాసిందంతా వేస్టేనా? వారంలో సబ్మిషన్" అంది. ఇలాంటి వీడియోలు చేసేవాళ్ల మీద నాకు నిజంగా కోపం వస్తుంది. సగం తెలిసిన సంగతిని రహస్యం బయటపెట్టినట్టు చెప్పి, కష్టపడే పిల్లలకు నిద్ర లేకుండా చేస్తారు. ఆ అమ్మాయి పని వేస్ట్ కాలేదు. రాజు పక్షం చట్టం పేరు చెప్పి జనాన్ని ఎలా తనవైపు తిప్పుకుందన్నది ఆమె అంశం. "చార్లెస్ అన్నాడు" అన్నచోటల్లా "రాజు పేరుతో వెలువడిన ప్రకటనలో ఉంది" అని మార్చి, ముసాయిదా ఎవరిదో తెలిసినచోట ఆ పేరు చేర్చమన్నాను. అంతే. పైగా అది హైడ్ ఆలోచించి నడిపిన వ్యూహమని తేలాక ఆమె వాదన ఇంకా బలపడింది. టెన్షన్ పడాల్సినంత ఏమీ లేదమ్మా అని చెప్పి, ఆ రాత్రే రెండు పేజీలు కలిసి దిద్దాం.

నకిలీ వేరు, వేరేవాళ్లు రాసిపెట్టింది వేరు. ఈ ప్రకటనల్ని చార్లెస్ చదివాడు, ఒప్పుకున్నాడు, తన పేరు పెట్టి అచ్చు వేయించాడు, చర్చిల్లో చదివించమన్నాడు. వాటికి బాధ్యత ఆయనదే. రాజు పక్షం జనానికి ఏం చెప్పదలచుకుందో తెలుసుకోవడానికి ఇంతకు మించిన ఆధారం లేదు. రాజు మనసులో ఏముందో తెలుసుకోవడానికి మాత్రం ఇవి చాలవు.

అపోహ: అయితే చార్లెస్ సొంత మాటలు ఎక్కడా దొరకవు

దొరుకుతాయి. విచిత్రం ఏమిటంటే, వాటిని అచ్చువేసింది శత్రువులు. 1645 జూన్ 14న నేస్బీ యుద్ధంలో రాజు ఓడిపోయినప్పుడు ఆయన ఉత్తరాల పెట్టె పార్లమెంటు సైన్యం చేతికి చిక్కింది. జులై మొదట్లో వాటిలో కొన్నిటిని లండన్ గిల్డ్‌హాల్‌లో జనం ముందు చదివారు. ఆ నెలలోనే ఏరిన ఉత్తరాల్ని పుస్తకంగా తెచ్చారు. ఎక్కువ భాగం రాణి హెన్రియెట్టా మరియాతో నడిచిన ఉత్తరాలు. కాథలిక్కుల సాయం దొరికితే వాళ్లపై ఉన్న శిక్షా చట్టాలు ఎత్తేస్తానన్న మాట అందులో ఉంది. తన సొంత పక్షం వాళ్లే ఆక్స్‌ఫర్డ్‌లో కూర్చున్న సభను సంకర పార్లమెంటు అని తిట్టిన మాట ఉంది. లండన్ సభను పైకి పార్లమెంటు అని పిలిచినంత మాత్రాన దాన్ని పార్లమెంటుగా ఒప్పుకున్నట్టు కాదని భార్యకు నచ్చజెప్పిన మాట కూడా ఉంది.

ఇవి కల్పితాలని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. వాళ్లకు చార్లెస్ జవాబే చాలు. ఆ ఆగస్టులో తన కార్యదర్శి ఎడ్వర్డ్ నికొలస్‌కు రాసిన ఉత్తరంలో, వాళ్లు వేసినవి తనవి కావని అననని చెప్పాడు. అక్కడక్కడ కొన్ని మాటలు తప్పు పడ్డాయనీ, కామాలు చోటు తప్పాయనీ, అంతకు మించి పెద్ద తేడా లేదనీ అన్నాడు. అయితే ఏ ఉత్తరాలు వేయాలో ఎంచుకుంది, పక్కన వ్యాఖ్యలు రాసింది ప్రత్యర్థులు. చదివేటప్పుడు ఉత్తరాన్ని, వ్యాఖ్యను కలిపేయకండి.

అపోహ: "ఐకాన్ బాసిలికె" చార్లెస్ జైల్లో రాసుకున్న ఆత్మకథ

శిరచ్ఛేదం జరిగిన కొద్ది రోజులకే జనం చేతుల్లో పడిన పుస్తకం ఇది. ఆ ఒక్క ఏడాదిలోనే ముప్పైకి పైగా ముద్రణలు వచ్చాయి. మొదట్లో ఉండే విలియం మార్షల్ బొమ్మ చాలామందికి తెలుసు. మోకరిల్లిన రాజు, చేతిలో ముళ్ల కిరీటం, కాళ్ల దగ్గర వదిలేసిన బంగారు కిరీటం. రాచరికం తిరిగొచ్చాక జాన్ గాడెన్ అనే మతాధికారి దాన్ని రాసింది తానేనని క్లారెండన్‌కు చెప్పుకుని ఇంకా పెద్ద పదవి అడిగాడు. అప్పటికే ఎక్సెటర్ బిషప్పు, తర్వాత వోర్సెస్టర్ బిషప్పు అయ్యాడు. రాజు సొంత కాగితాలు కొన్ని దగ్గర పెట్టుకుని గాడెన్ పుస్తకంగా తీర్చాడన్నదే ఇప్పుడు ఎక్కువమంది పండితులు ఒప్పుకునే మాట. కాబట్టి "పూర్తిగా రాజుదే", "పూర్తిగా బూటకమే" రెండూ తప్పే.

ఇందులోనే ఇంకో పుకారు. చివర చేర్చిన ప్రార్థనల్లో ఒకటి ఫిలిప్ సిడ్నీ రాసిన కథలోదని, రాజుకు వ్యతిరేకి అయిన కవి మిల్టన్ 1649లోనే ఎత్తి చూపించాడు. తర్వాత కొందరు, దాన్ని దొంగచాటుగా పుస్తకంలో దూర్చింది మిల్టనే అని ప్రచారం చేశారు. దానికి ఆధారం లేదని ఎప్పుడో తేలిపోయింది. దయచేసి మళ్లీ మొదలుపెట్టకండి.

అపోహ: చార్లెస్ ప్రకటనలన్నీ దైవదత్తాధికారం పాటే

1642 ప్రకటనలు ఒక్కటైనా పూర్తిగా చదవండి. ప్రతి పేజీలోనూ చట్టం, చట్టం, చట్టం. ఆ సెప్టెంబర్‌లో వెల్లింగ్టన్ దగ్గర సైన్యం ముందు ప్రొటెస్టెంట్ మతాన్ని, దేశ చట్టాలను, పార్లమెంటు హక్కుల్ని కాపాడతానని ప్రమాణం చేసి దాన్నీ అచ్చు వేయించాడు. అదే మాటను వెండి నాణేల మీదా ముద్రించారు. నాణెం వెనకవైపు "ప్రొటెస్టెంట్ మతం, ఇంగ్లండ్ చట్టాలు, పార్లమెంటు స్వేచ్ఛ" అని కుదించిన లాటిన్‌లో, పైన మూడు ఈకలు. కాథలిక్కులపై చట్టాలు ఎత్తేస్తానని రాణికి రాసిన పై ఉత్తరాన్ని ఈ నాణెం పక్కన పెట్టి చదవమని మా క్లాసులో చెబుతాను.

అపోహ: అచ్చుయంత్రం పార్లమెంటు చేతిలోనే ఉంది

రాజుతో పాటు ముద్రణ కూడా ఊళ్లు తిరిగింది. యార్క్‌లో రాబర్ట్ బార్కర్, తర్వాత ష్రూస్‌బరీ, 1642 చివరి నుంచి ఆక్స్‌ఫర్డ్‌లో లెనార్డ్ లిచ్‌ఫీల్డ్. 1643 జనవరి నుంచి అక్కడే "మెర్క్యూరియస్ ఆలికస్" అనే వారపత్రిక. ఇక పార్లమెంటు పక్షమూ రాజు మాటల్ని దాచిపెట్టలేదు. 1643లో ఎడ్వర్డ్ హస్బండ్స్ వేసిన లావుపాటి సంకలనంలో రెండు పక్షాల కాగితాలూ వరసగా ఉన్నాయి. మీకు అసలు ప్రతులు అందకపోతే దానితో మొదలుపెట్టండి.

అపోహ: ఐకాన్ బాసిలికె టైటిల్ పేజీ మీద 1648 అని ఉంది కాబట్టి అది రాజు చనిపోకముందే వచ్చింది

దీని మీద ఎంతమంది కుట్ర కథలు అల్లారో! అప్పటి ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. మనం 1649 జనవరి అనేది వాళ్లకు 1648 జనవరి. 1642 తొలి నెలల ప్రకటనల మీద 1641 అని ఉండటానికీ కారణం ఇదే. లండన్ పుస్తక వ్యాపారి జార్జ్ థామసన్ 1640 నుంచి 1661 దాకా దాదాపు 22,000 కరపత్రాలు, పత్రికలు, పుస్తకాలు పోగుచేశాడు. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. చాలావాటి మీద ఆయన చేత్తో రాసిన తేదీ ఉంటుంది. ఐకాన్ బాసిలికె ప్రతి మీద ఫిబ్రవరి 9. అది ఆయన చేతికి ప్రతి వచ్చిన తేదీ అనుకోవాలే తప్ప, అచ్చయిన తేదీ అని రాయకూడదు. ఫుట్‌నోట్‌లో టైటిల్ పేజీ మీది సంవత్సరం, మన లెక్క సంవత్సరం, థామసన్ తేదీ ఉంటే అది, మూడూ వేయండి.