మాట్లాడితే నిద్రొచ్చింది, రాస్తే నిలిచిపోయింది

ప్రియమైన పిల్లలూ,

టీవీ, ఫోన్ లేని కాలంలో బతికిన క్రైస్తవ బోధకుడు పౌలు పేరు ఇన్నేళ్లు ఎలా నిలిచిందని అడిగారు కదా. గొప్ప ఉపన్యాసకుడై ఉంటాడని మీ అనుమానం. అదేం కాదు. త్రోయ అనే ఊళ్లో ఒకసారి అర్ధరాత్రి దాకా ప్రసంగం ఆపకపోతే, కిటికీలో కూర్చుని వింటున్న ఐతుకు అనే కుర్రాడు నిద్ర ఆపుకోలేక మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడని బైబిల్లోనే ఉంది. (కంగారుపడకండి, బతికాడు.) గ్రీసులోని కొరింథు అనే ఊళ్లో కొందరైతే "ఉత్తరాలు ఘనంగానే ఉంటాయి, మనిషిని చూస్తే ఏమీ లేదు, మాట అసలే బాగోదు" అని ఎద్దేవా చేశారు. ఆ సంగతి మనకు చెప్పిందీ పౌలే, తన ఉత్తరంలో!

ఆయనది ఇప్పటి టర్కీలో ఉన్న తార్సు. యూదుడు. డేరాలు కుట్టి పొట్టపోసుకునేవాడు. మొదట క్రైస్తవులను వేధించినవాడే, తర్వాత క్రీస్తు గురించి చెబుతూ ఊరూరా తిరిగాడు. ఒక ఊళ్లో క్రైస్తవుల సంఘం పెట్టి ఇంకో ఊరు వెళ్లేసరికి వెనక గొడవలు మొదలయ్యేవి. వాటిని సర్దడానికే చాలా ఉత్తరాలు రాశాడు. సంఘ భోజనంలో కొందరు ముందే కడుపునిండా తినేస్తుంటే లేనివాళ్లు ఆకలితో ఉంటున్నారని కొరింథు వాళ్లను గట్టిగా కోప్పడ్డాడు. ఇవాళ చర్చి పెళ్లిళ్లలో చదివే ప్రేమ అధ్యాయం, 13వది, ఆ చీవాట్ల ఉత్తరంలోదే.

ఆయన చెబుతుంటే లేఖకుడు రాసేవాడు. గలతీయులు అనేవాళ్లకు రాసిన ఉత్తరం చివర్లో మాత్రం "ఎంత పెద్ద అక్షరాలతో నా చేత్తో రాస్తున్నానో చూడండి" అంటాడు. రోమా ప్రభుత్వానికి తపాలా ఉండేది గానీ అది మామూలు జనానికి కాదు. అటు వెళ్లే మనిషిని చూసి ఇచ్చి పంపాల్సిందే. రోముకు రాసింది ఫీబే అనే ఆమె తీసుకెళ్లిందని చాలామంది పండితులు అంటారు. చేరాక ఒకరు పైకి చదివితే మిగతావాళ్లు వినేవారు, తర్వాత నకలు రాసుకునేవారు.

నన్నడిగితే అసలు కిటుకు ఆ నకళ్లే. పౌలు పంపిన అసలు ఉత్తరాల్లో ఒక్కటి కూడా మిగల్లేదు. కొరింథుకు ఆ చీవాట్ల ఉత్తరం కంటే ముందే ఒకటి రాశానంటాడు, దాని జాడే లేదు. ఆయన ఉత్తరాలకు దాదాపు క్రీ.శ. 200 నాటి పపైరస్ (ఒక రకం రెల్లుతో చేసిన కాగితం) నకలులో 86 ఆకులు దొరికాయి. కొన్ని డబ్లిన్‌లో, కొన్ని అమెరికాలోని మిచిగన్‌లో ఉన్నాయి. ఆయన పేరున ఉన్న 13 ఉత్తరాల్లో ఏడింటి మీద పండితులకు పేచీ లేదు, మిగతావాటి మీద వాదన నడుస్తూనే ఉంది.

వీలైతే బైబిల్లో రోమీయుల పత్రిక, అంటే రోముకు రాసిన ఆ ఉత్తరం, 16వ అధ్యాయం తీయండి. ఇరవై మందికి పైగా పేరుపేరునా వందనాలు చెబుతాడు. ఆ సందట్లో చెప్పింది రాసుకుంటున్న లేఖకుడు కూడా దూరిపోయి, "ఈ పత్రిక రాసిన తెర్తియు అనే నేను మీకు వందనాలు చెబుతున్నాను" అని తన పేరూ ఎక్కించేశాడు.

మీ తాతయ్య