ఓపికగా అల్లిన గోలా, కళ్లు చెదిరే గోలా? అపోహలు - వాస్తవాలు

ఫుట్‌బాల్‌లో ఓపికగా పాసులతో అల్లిన గోల్ గొప్పదా, కళ్లు చెదిరేలా ఒక్కడే కొట్టిన గోల్ గొప్పదా అన్న తగవుకు రెండు పక్షాల సాక్ష్యాలూ ఒకే మైదానంలో దొరుకుతాయి. మెక్సికో సిటీలోని అజ్టెకా స్టేడియంలో 1970 జూన్ 21న ప్రపంచకప్ ఫైనల్లో ఇటలీ మీద బ్రెజిల్ చేయి చేయి కలిపి అల్లిన నాలుగో గోల్ పడింది. అదే స్టేడియంలో 1986 జూన్ 22న ఇంగ్లండ్ జట్టును ఒంటరిగా దాటుకుంటూ పోయి అర్జెంటీనా ఆటగాడు మారడోనా గోల్ కొట్టాడు. నల్గొండ మేకల అభినవ్ స్టేడియం మెట్ల మీదైనా, పాలమూరులో అర్ధరాత్రి ఫోన్లో మ్యాచ్ చూసే పిల్లల మధ్యనైనా వాదన ఈ రెండింటి చుట్టే తిరుగుతుంది. ఆట నేర్పేవాళ్లుగా మాకు రెండూ ఇష్టమే. కానీ వాదనలో వాడే మాటల్లో చాలావాటికి ఆధారం లేదు. అవి అట్లాగే పిల్లల బుర్రల్లోకి, వాళ్ల కాళ్లలోకి పోతున్నాయి. అందుకే ఇది రాస్తున్నాం.

అపోహ: "ఎంతసేపూ వెనకకే పాసులు. గోల్ కొట్టుడు చేతకాకనే తిప్పుతున్నరు."

వాస్తవం: ఎదుటి జట్టు పదిమంది తమ సగంలో దగ్గర దగ్గరగా నిలబడితే బంతి పోవడానికి సందు ఉండదు. ఆ సందు పుట్టాలంటే వాళ్లు కదలాలి. గట్టిగా నేల మీద కొట్టిన పాస్ 20 మీటర్లు పోవడానికి ఒకటిన్నర, రెండు సెకన్లు చాలు. నిలబడ్డ చోటు నుంచి అంత దూరం ఉరకడానికి వేగం ఉన్న ఆటగాడికి కూడా మూడు సెకన్ల దాకా పడుతుంది. మైదానం వెడల్పు 68 మీటర్లు అనుకుంటే, బంతి ఎడమ అంచు నుంచి కుడి అంచుకు మారిన ప్రతిసారీ డిఫెన్స్ వరుస మొత్తం జరగాల్సిందే. నాలుగైదు సార్లు జరిగాక ఎవరో ఒకరు అడుగు ఆలస్యం చేస్తారు. కబడ్డీలో రైడర్ ఈ మూలకు, ఆ మూలకు పోతూ చైన్ చేతులు విడిపోయేదాకా చూస్తాడు కదా, ఇక్కడ ఆ పని బంతి చేస్తుంది.

వెనక్కి ఇచ్చే పాస్‌కు ఇంకో లెక్క ఉంది. బంతి గోల్ కీపర్ దాకా పోతే ఎదుటి ఫార్వర్డ్‌లు దాని మీదికి ఉరుకుతారు. వాళ్లు ముందుకొచ్చిన కొద్దీ వాళ్ల వెనకాల మిడ్‌ఫీల్డ్‌లో జాగా ఖాళీ అవుతుంది. 2019లో గోల్ కిక్ (ఎదుటి జట్టు తాకిన బంతి మన గోల్ గీత బయటికి పోతే మన గోల్ దగ్గర నుంచి ఆట మళ్లీ మొదలుపెట్టే కిక్) నిబంధన మారాక ఇది ఇంకా పెరిగింది. అంతకుముందు గోల్ కిక్ గోల్ ముందుండే పెనాల్టీ బాక్స్ దాటితేనే ఆట మొదలైనట్టు. ఇప్పుడు బంతి కదిలితే చాలు, సొంత డిఫెండర్ బాక్స్ లోపలే అందుకోవచ్చు. ఎదుటివాళ్లు మాత్రం అప్పటిదాకా బాక్స్ బయటే ఉండాలి. అంటే 16.5 మీటర్ల లోతున్న జాగా ఉచితంగా దొరికినట్టే.

ఇందులో అసలు కీలకం మూడో మనిషి. సెంటర్ బ్యాక్ (డిఫెన్స్ మధ్యలో ఆడేవాడు) ఇచ్చిన బంతి మిడ్‌ఫీల్డర్‌కు అందేసరికి అతని వీపు ఎదుటి గోల్ వైపు ఉంటుంది, వెనక ఒకడు అంటుకొని ఉంటాడు. అతను తిరగడానికి చూస్తే బంతి పోతుంది. ఒక్క టచ్‌తో పక్కనున్న ఇంకొకరికి తోసేయాలి. ఆ మూడోవాడి మొహం ముందుకు ఉంటుంది, మైదానమంతా కనిపిస్తుంది. ఒకటో మనిషి నేరుగా మూడోవాడికి ఇవ్వలేని పాస్ రెండో మనిషి మీదుగా పోయింది. గ్యాలరీలోంచి చూస్తే అది వట్టి వెనక పాస్ లాగే ఉంటుంది.

తిప్పుడు విఫలమయ్యే చోట్లు కూడా ఉన్నాయి. పాస్ మెల్లగా పోతే ఎదుటివాళ్లకు జరిగే టైం దొరుకుతుంది, అప్పుడు నలభై పాసులైనా దండగే. ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు ఒకే గీత మీద నిలబడితే వాళ్ల మధ్య పాస్ అడ్డంగా మాత్రమే పోతుంది. అడ్డ పాస్ మధ్యలో తెగితే ఇద్దరూ ఒక్క దెబ్బకు ఆటలోంచి పోతారు, ఎదుటివాడికి గోల్ దాకా దారి తెరిచినట్టే. అందుకే ఒకరు నాలుగైదు మీటర్లు వెనకగా, ఏటవాలు కోణంలో నిలబడమని చెప్తాం.

ఇదంతా ఒకే చోట చూడాలంటే 2006 జూన్ 16న గెల్సెన్‌కిర్చెన్‌లో సెర్బియా-మాంటెనెగ్రో మీద అర్జెంటీనా కొట్టిన రెండో గోల్ చూడండి. ఇరవైకి పైగా పాసులు, దాదాపు నిమిషం సేపు. చివర్లో క్రెస్పో మడమతో వెనక్కి తోస్తే కాంబియాసో కొట్టాడు. మామూలు హైలైట్స్‌లో ఆ మడమ పాస్ నుంచే చూపిస్తారు. పూర్తి క్లిప్ వెతికి, రెండోసారి చూసేటప్పుడు బంతిని వదిలేసి తెలుపు-నీలం చొక్కాల్లో బంతి లేనివాళ్లు ఎటు నడుస్తున్నారో చూడండి.

అపోహ: "ఎక్కువ గోల్స్ మూడు పాసుల్లోపే పడతయి. లెక్కలు తీసిండ్రు."

వాస్తవం: లెక్క నిజమే, దాని నుంచి తీసిన అర్థం తప్పు. బ్రిటిష్ వైమానిక దళంలో అకౌంటెంట్‌గా పనిచేసిన చార్లెస్ రీప్ 1950 నుంచి మ్యాచ్‌లు చూస్తూ కాగితం మీద గుర్తులు పెట్టుకున్నాడు. 1968లో బెంజమిన్‌తో కలిసి ఆ లెక్కలు ప్రచురించాడు. దాదాపు 80 శాతం గోల్స్ మూడు లేదా అంతకు తక్కువ పాసులతో వచ్చాయని తేలింది. దీన్ని పట్టుకొని ఇంగ్లండ్‌లో ఎందరో కోచ్‌లు బంతిని పొడుగ్గా కొట్టడమే ఆట అన్నారు. కానీ అదే లెక్కల్లో, బంతి చేజిక్కిన సందర్భాల్లో 90 శాతానికి పైగా మూడు పాసులలోపే ముగిసిపోయాయి. ఇప్పుడు కలిపి చూడండి. పదో వంతు కూడా లేని పొడుగు అల్లికలు ఐదో వంతు గోల్స్ ఇచ్చాయి. ఒక్కో ప్రయత్నం లెక్కన చూస్తే అవే రెట్టింపు కంటే ఎక్కువ పండాయి.

2005లో హ్యూస్, ఫ్రాంక్స్ అనే పరిశోధకులు ప్రపంచకప్ మ్యాచ్‌లతో ఇదే సరిచూశారు. మంచి జట్లు పొడుగు అల్లికలతో ఎక్కువ షాట్లు సంపాదించాయి. అయితే ఒక్కో షాట్ గోల్‌గా మారే పాళ్లు మాత్రం తక్కువ పాసుల దాడుల్లోనే మెరుగ్గా ఉన్నాయి. ఇది కూడా చెప్పాల్సిందే. బంతి లాక్కున్న మొదటి క్షణాల్లో ఎదుటి డిఫెన్స్ చెదిరి ఉంటుంది. అప్పుడు ముందుకు పోకుండా వెనక్కి తిప్పే జట్టును చూస్తే మాకూ కోపమే వస్తుంది.

అపోహ: "సోలో గోల్ అంటే ఒక్కడి గోల్."

వాస్తవం: మారడోనా తన సగంలో తోటి ఆటగాడు ఎన్రికె దగ్గర బంతి అందుకొని, ఇంగ్లండ్ ఆటగాళ్లు బియర్డ్స్‌లీ, రీడ్‌ల మధ్య తిరిగి, బుచర్, ఫెన్విక్‌లను దాటి, కీపర్ షిల్టన్‌ను తప్పించాడు. అంతా పదకొండు సెకన్లలోపే. ఆ ప్రతిభను తగ్గించేవాడు ఆట చూడనట్టే. కానీ ఆ పరుగులో సహచరులు వాల్దానో, బుర్రుచాగా కూడా ముందుకు ఉరుకుతున్నారు. పాస్ ఇస్తాడేమోనన్న అనుమానంతోనే డిఫెండర్లు పూర్తిగా మారడోనా మీద పడలేకపోయారు. పాస్‌కు దారి ఉందన్న భయమే డ్రిబుల్‌కు (బంతిని కాళ్ల దగ్గరే ఉంచుకొని ఎదుటివాళ్లను దాటడానికి) దారి ఇస్తుంది. మీ వింగర్ ఒక్కడే ముగ్గురి మీదికి పోయి బంతి పోగొట్టుకుంటుంటే అతన్ని తిట్టేముందు, అతనితోపాటు ఎవరైనా పరుగెత్తారా అని చూడండి.

1970 గోల్ దీనికి తిరగేసిన బొమ్మ. కుడి వింగర్ జైర్జిన్యో ఎడమ వైపుకు వచ్చేశాడు. అతన్ని కాపలా కాస్తున్న ఇటలీ డిఫెండర్ ఫచ్చెట్టి వెంటే వచ్చాడు. కుడి వైపంతా ఖాళీ. పెలే తొందర పడకుండా ఆగి, ఆ ఖాళీలోకి బంతి దొర్లించాడు. వెనక నుంచి వస్తున్న రైట్ బ్యాక్ (కుడి వైపు డిఫెండర్) కార్లోస్ అల్బెర్టో ఆపకుండా కొట్టాడు. 2018లో అర్జెంటీనా మీద ఫ్రాన్స్ ఆటగాడు పవార్ కొట్టిన వాలీని (బంతిని ఆపకుండా గాల్లోనే కొట్టే షాట్) అందరూ అద్భుతం అంటారు, అద్భుతమే. కానీ అక్కడా దాడి ఎడమ వైపు నుంచి వచ్చింది, క్రాస్ అందరినీ దాటింది, అవతలి పక్క ఖాళీలో ఉన్నది రైట్ బ్యాకే. మా దృష్టిలో ఈ రెండు గోల్స్ ఒకే కుటుంబం. ఒకదాన్ని అల్లిక ఖాతాలో, ఇంకోదాన్ని అద్భుతం ఖాతాలో రాయడం పొరపాటు.

అపోహ: "దూరం నుంచి కొట్టెటోడే దమ్మున్నోడు."

వాస్తవం: గోల్ వెడల్పు 7.32 మీటర్లు. 11 మీటర్ల పెనాల్టీ స్పాట్ నుంచి ఎదురుగా చూస్తే అది సుమారు 37 డిగ్రీల కోణంలో కనిపిస్తుంది. 25 మీటర్ల నుంచి చూస్తే 17 డిగ్రీలు కూడా ఉండదు. పెద్ద లీగుల్లో కూడా బాక్స్ బయటి షాట్లు వందకు మూడు నాలుగే గోల్ అవుతాయి. అయినా దూరపు షాట్‌కు సమయం ఉంది. క్లియర్ చేసిన బంతి ఎగిరి నేరుగా మన ముందు పడినప్పుడు, బాక్స్‌లో జనం కిక్కిరిసి కీపర్‌కు బంతి ఆలస్యంగా కనిపించేటప్పుడు. 2022 మార్చి 20న గోవాలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్ మీద హైదరాబాద్ ఎఫ్‌సీని బతికించింది 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన వాలీ. ఆ తర్వాత పెనాల్టీ షూటౌట్‌లో కీపర్ కట్టిమణి ఆపడం వల్ల కప్ వచ్చింది. వాలీ నేర్చుకునే పిల్లలు ఎక్కువగా చేసే తప్పు ఒంటిని వెనక్కి వాల్చడం. అప్పుడు బంతి బార్ మీంచి పోతుంది. ఆనించిన కాలు బంతి పక్కన, మోకాలు బంతి మీదుగా, చీలమండ బిగపట్టి, చూపు బంతి మీదే ఉండాలి.

అపోహ: "బంతి ఎవరి దగ్గర ఎక్కువ ఉంటే వాళ్లదే మ్యాచ్."

వాస్తవం: 2022 ప్రపంచకప్‌లో మొరాకో మీద స్పెయిన్ వెయ్యికి పైగా పాసులిచ్చింది. గోల్ లేదు, షూటౌట్‌లో ఓడింది. ఇంతకంటే చెప్పక్కర్లేదు.

అపోహ: "ఈ పాసుల ఆట యూరప్‌ది. మనకు రాదు."

వాస్తవం: ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ మన హైదరాబాద్ మనిషి. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు సార్లు దేశవాళీ టోర్నీ రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలో భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. డ్రిబుల్ చేయకూడదనే షరతుతో ఆయన పోటీలు పెట్టించాడు. బలం లేని కాలితోనే ఆడాలన్న పోటీలూ పెట్టించాడు. సికింద్రాబాద్ బిడ్డ తులసీదాస్ బలరాం వంటివాళ్లు ఆ కాలం ఆటగాళ్లే.

అపోహ: "మన ఎర్రమట్టి గ్రౌండ్ల మీద బిల్డప్ (వెనక నుంచి పాసులతో అల్లే ఆట) కుదరదు."

వాస్తవం: కష్టమే, కుదరకపోవడం కాదు. గట్టి నేల మీద బంతిలో గాలి ఎక్కువుంటే ప్రతి పాస్ ఎగురుతుంది. నిబంధన ప్రకారం 8.5 నుంచి 15.6 పీఎస్ఐ దాకా ఉండొచ్చు. మన గ్రౌండ్లకు 8.5, 9 చాలు. ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లితే దుమ్మూ తగ్గుతుంది, బంతీ నేలను పట్టుకొని పోతుంది. పాస్ దూరం 8 నుంచి 12 మీటర్లు మించనీయవద్దు. అందుకునేవాడు పక్కకు తిరిగి నిలబడాలి. బంతి గతుకులో లేస్తే తొడతోనో కాలిపిక్కతోనో ఆపుకునే వీలుంటుంది.

గోల్ ముందు మట్టి అరిగి గుంట పడి ఉంటుంది. కీపర్‌కు వెనక పాస్ ఇచ్చేటప్పుడు ఆ గుంట మీదుగా, రెండు పోస్టుల మధ్యకు ఎప్పుడూ ఇవ్వకూడదు. పోస్ట్‌కు బయటి వైపు ఇవ్వాలి, అప్పుడు బంతి ఎగిరి తప్పినా కార్నర్ అవుతుంది తప్ప గోల్ కాదు. మధ్యలో గతుకులు ఎక్కువుంటే అల్లిక అంచుల దగ్గర జరగనివ్వండి.

సాధనకు నలుగురి మధ్య ఇద్దరు చాలు: అంచుల్లో నలుగురు పాసులిస్తుంటే మధ్యలోని ఇద్దరు బంతిని లాక్కోవాలి. మంచి నేల మీద 8 మీటర్ల చదరం, రెండు టచ్‌లు. మన నేల మీద 10 మీటర్లు, మూడు టచ్‌లు. ఐదు నిమిషాలు ఆడించి రెండు నిమిషాలు విశ్రాంతి. బయటి అంచున పోయే పాస్‌కు ఒక పాయింట్, మధ్యలో ఉన్న ఇద్దరి నడుమ నుంచి చీల్చుకొని పోయే పాస్‌కు మూడు. ఈ ఒక్క షరతు పెడితే పిల్లలు ఊరికే తిప్పడం మానేసి సందు కోసం వెతుకుతారు. మ్యాచ్‌లో మాత్రం మొదటి పది నిమిషాల్లో నేల ఎక్కడ మోసం చేస్తోందో కెప్టెన్ గుర్తుపెట్టుకోవాలి. ఆ చోట్లలో బంతిని గాల్లో పంపమని తోటివాళ్లకు అప్పుడే చెప్పాలి.