కౌలుకిచ్చిన క్లబ్బు

చిన్నా, బుజ్జమ్మా,

మొన్న రాత్రి మీరు పంపిన ఫుట్‌బాల్ వీడియో నేనూ నానమ్మా కలిసి చూశాం. రిఫరీ విజిల్ వేశాడు, ఒక జట్టు బంతిని తమలో తామే అటూ ఇటూ పాస్ చేసుకుంటోంది, రెండో జట్టు వాళ్ళు మాత్రం ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. ఒక్కడూ కదలలేదు. కింద బుజ్జమ్మ గొంతుతో వాయిస్ మెసేజ్: "తాతయ్యా, వీళ్ళు పెద్దవాళ్ళు కదా, స్టాచ్యూ ఆట ఆడుతున్నారేంటి?"

నానమ్మ పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను గానీ ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఆ నిలబడ్డవాళ్ళ సంగతి నాకు కొంచెం తెలుసు. ఫోన్‌లో చెప్తే మధ్యలో మీ అమ్మ అన్నానికి పిలుస్తుంది, అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువుకోండి.

అది 2020 జూలై 21. ఊరు పోర్చుగల్ ఉత్తరాన ఉన్న విలా దాస్ ఆవెస్. పోర్చుగీసు భాషలో ఆవెస్ అంటే పక్షులు, ఆ పక్కనే పారే నది పేరు ఆవె. ఎనిమిది వేల పైచిలుకు జనం, అంటే మన మండలంలో ఓ పెద్ద పంచాయతీ అంత. ఆ నది లోయంతా నూలు మిల్లులు, బట్టల మిల్లులు. మిల్లు సైరను వింటూ పెరిగిన ఊళ్ళవి. అక్కడ 1930 నవంబర్ 12న ఓ క్లబ్బు పెట్టుకున్నారు, పేరు క్లూబె దెస్పొర్తీవొ దాస్ ఆవెస్. మనం ఆవెస్ అనుకుందాం, మీ తాతకి నోరు తిరగాలి కదా.

స్టాచ్యూ ఆటలాగా నిలబడింది ఆ ఆవెస్ ఆటగాళ్ళే. బంతి తిప్పుకుంటున్నది బెన్ఫికా, పోర్చుగల్‌లో అందరికన్నా పెద్ద క్లబ్బుల్లో ఒకటి. నిలబడటానికి కారణం చెప్పడం తేలికే, జీతాలు రాలేదు. నెలల తరబడి రాలేదు. ఆడం అని ఇంట్లో కూర్చుంటే ఊరి పేరు పోతుంది, ఏమీ జరగనట్టు ఆడితే మన బాధ ఎవరికీ తెలీదు, అందుకని ఒక నిమిషం నిలబడ్డారు. తర్వాత ఆడారు. 4-0తో ఓడిపోయారు.

జీతం ఎవరివ్వాలి, ఎందుకివ్వలేదు అంటే మాత్రం మీకు ముందు కౌలు గురించి చెప్పాలి.

మీ నాన్నకి తెలుసు, మీకు తెలీదు. ఒకాయనకి పొలం ఉంటుంది, దున్నే ఓపిక గానీ డబ్బు గానీ ఉండదు. ఇంకొకాయనకి ఓపిక ఉంటుంది, పొలం ఉండదు. ఎకరానికి ఇన్ని బస్తాలు ఇస్తానని మాట్లాడుకుని రెండో ఆయన ఆ పొలం చేస్తాడు. విత్తనాలు, ఎరువులు, కూలీలు అన్నీ ఆయన ఖర్చే. పంట వచ్చాక పొలం గలాయనకి బస్తాలు కొలుస్తాడు, మిగిలింది తను తీసుకెళ్తాడు. అది కౌలు.

పోర్చుగల్‌లో 2013 నుంచి పెద్ద లీగుల్లో ఆడాలంటే ఊరి క్లబ్బు నేరుగా ఆడటానికి లేదు. క్లబ్బు ఒక కంపెనీ పెట్టాలి, ఫుట్‌బాల్ జట్టుని ఆ కంపెనీయే నడపాలి. ఆ కంపెనీలో వాటాలు బయటివాళ్ళు కొనుక్కోవచ్చు. అప్పటి చట్టం ప్రకారం తొంభై శాతం దాకా కొనుక్కోవచ్చు, క్లబ్బు చేతిలో కనీసం పది శాతం ఉంటే చాలు. పది శాతం అంటే గట్టు మీద నిలబడి చూసే హక్కు అనుకోండి. ఆ కంపెనీయే కౌలుదారు. క్లబ్బేమో పొలం గలాయన. ఆటగాళ్ళు కూలీలు. స్టేడియం పొలం. గోల్స్ బస్తాలా? కాదులే, గెలుపులు బస్తాలు. చూశారా, ఎంత బాగా కుదిరిందో!

కౌలుదారు మంచివాడు దొరికితే పంట బాగానే పండుతుంది. ఆవెస్‌కి పండింది కూడా. అంతకుముందు మూడుసార్లు పెద్ద లీగులోకి వచ్చారు, 1985లో ఒకసారి, 2000లో ఒకసారి, 2006లో ఒకసారి. వచ్చిన ప్రతిసారీ ఒక్క ఏడాదికే కిందికి పోయారు. నాలుగోసారి 2017లో వచ్చి నిలబడటమే కాదు, మరుసటి మే నెలలో పోర్చుగల్ కప్పు ఫైనల్‌కి చేరారు. ఎదురుగా ఎవరనుకున్నారు? లిస్బన్ నుంచి స్పోర్టింగ్. రొనాల్డో చిన్నప్పుడు ఆట నేర్చుకున్న క్లబ్బు, చిన్నాకి ఇప్పుడు అర్థమవుతుంది ఎంత పెద్దదో.

ఫైనల్‌కి అయిదు రోజుల ముందు ముసుగులేసుకున్న కొందరు స్పోర్టింగ్ అభిమానులు తమ సొంత జట్టు ప్రాక్టీసు చేసే చోటికే చొరబడి ఆటగాళ్ళని కొట్టారు. అభిమానం ముదిరితే అదీ జరుగుతుంది. మీరెప్పుడూ అట్లా చేయొద్దు, మ్యాచ్ ఓడితే టీవీ రిమోట్ విసిరెయ్యడం దగ్గరే అది మొదలవుతుంది చిన్నా, నీకే చెప్తున్నా.

సరే, 2018 మే 20. లిస్బన్ పక్కనున్న జాతీయ స్టేడియం. ఆవెస్ 2, స్పోర్టింగ్ 1. రెండు గోల్సూ అలెషాండ్రె గెదెస్ అనే కుర్రాడివే, తమాషా ఏమిటంటే అతను ఆట నేర్చుకున్నదీ స్పోర్టింగ్‌లోనే. కానీ నా మనసు దోచింది అతను కాదు, గోల్‌కీపర్ కీమ్. అతని వయసు 42. ఆ వయసులో నాకు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. ఆయన పెద్ద పెద్ద క్లబ్బులకి ఆడి, దేశానికి ఆడి, చివరికి ఈ చిన్న ఊరి జట్టుతో కప్పు గెలిచి, ఇక చాలని చేతి తొడుగులు విప్పేశాడు. ఎనిమిది వేల మంది ఉన్న ఊరికి దేశం కప్పు! ఆ రాత్రి ఆ ఊళ్ళో ఎవరన్నా పడుకుని ఉంటారంటే నేను నమ్మను.

కప్పు గెలిచిన జట్టు ఆ తర్వాతి ఏడాది యూరప్ పోటీల్లో ఆడొచ్చు. కానీ దానికి లైసెన్సు కావాలి, లెక్కలు, కాగితాలు సరిగా ఉండాలి. ఆవెస్‌కి ఆ లైసెన్సు లేదు. పంట ఇంటికొచ్చింది గానీ గాదె లేదు. ఆ చోటు వేరే క్లబ్బుకి పోయింది. కప్పు సంబరంలో ఎవరూ పట్టించుకోలేదేమో గానీ, నాకైతే మొదటి పగులు అక్కడే కనబడుతుంది.

ఇక్కడ నేను ఓ మాట చెప్పుకోవాలి. మా నాన్న, అంటే మీ ముత్తాత, కౌలు రైతే. మా వైపు ఏ తప్పు జరిగినా కౌలు రైతుకే నష్టం, తుఫానొచ్చినా అతనికే, ధర పడినా అతనికే. అందుకని కథలో చెడ్డవాడి పాత్ర కౌలుదారుకి ఇచ్చినందుకు మా నాన్న పైనుంచి నన్ను తిడుతూ ఉంటాడు. ఏం చేయను నాన్నా, పోలిక అట్లా కుదిరింది.

నాన్న గుర్తొస్తే వాలీబాల్ గుర్తొస్తుంది. నాకు పదమూడేళ్ళప్పుడు మా ఊళ్ళో చెరువు గట్టు కింద కోర్టు ఉండేది. మేమే గడ్డి చెక్కి, సున్నంతో గీతలు గీసుకున్నాం. బంతి చందాలేసుకుని కొన్నది, పగిలితే చెప్పులు కుట్టే తాత దగ్గరికి తీసుకెళ్ళి కుట్టించేవాళ్ళం. ఓ ఏడాది ఊళ్ళో డబ్బున్న ఒకాయన మా ఆట చూసి ముచ్చటపడి కొత్త నెట్టు, రెండు కొత్త బంతులు, పదిమందికీ బనీన్లు కొనిచ్చాడు. బనీను మీద ఆయన పేరు. మేం మా పాత బంతిని మర్చిపోయాం, నిజంగానే మర్చిపోయాం, అది ఎవరింటి అటక మీదకి పోయిందో కూడా తెలీదు. సంక్రాంతి పందేల్లో పక్క ఊరి మీద ఓడిపోయాం. మర్నాడు సాయంత్రం వెళ్తే నెట్టు లేదు, గుంజలు లేవు. బనీన్లు కూడా ఉతికి పంపమని కబురు పెట్టాడు. అమ్మ ఉతికి, మడత పెట్టి ఇచ్చింది నా చేతికి. ఆ మడత పెట్టిన బనీను పట్టుకుని వీధంతా నడిచి వెళ్ళడం ఉందే, అదొక్కటీ నాకిప్పటికీ బాగా గుర్తు.

తర్వాత ఏం చేశామంటారా? చినిగిపోయిన చేపల వల ఒకటి అడిగి తెచ్చి రెండు తాటి దుంగలకి కట్టాం. బంతి వల కన్నాల్లోంచి దూరిపోతే పాయింటా కాదా అని రోజూ కొట్లాట.

ఆవెస్ సంగతికొస్తాను. 2019–20లో జట్టు 17 పాయింట్లతో అట్టడుగున మిగిలింది. జీతాలు ఆగాయి, ఆటగాళ్ళు కొందరు ఒప్పందాలు రద్దు చేసుకుని వెళ్ళిపోయారు, కరోనా వల్ల స్టేడియంలో జనం కూడా లేరు. మీరు చూసిన ఆ నిమిషం ఖాళీ కుర్చీల ముందు గడిచిన నిమిషం. ఆ సీజన్ అయ్యాక కంపెనీకి కింది ప్రొఫెషనల్ లీగులో ఆడే లైసెన్సు కూడా రాలేదు, దానికింద మూడో మెట్టులో పేరైతే ఇచ్చారు గానీ జట్టు బరిలోకి దిగనే లేదు.

ఇక్కడే నా కౌలు పోలిక కుంటుతుంది పిల్లలూ. కౌలుదారు పారిపోయినా పొలం ఎక్కడికీ పోదు కదా, మరుసటి ఏడాది ఇంకొకళ్ళు చేసుకుంటారు. ఫుట్‌బాల్‌లో అట్లా కాదు. లీగులో ఆడే చోటు కంపెనీ పేరు మీదే ఉంది. కంపెనీ మునిగితే ఆ చోటూ దానితోపాటే పోయింది. తొంభై ఏళ్ళుగా ఒక్కో మెట్టూ ఎక్కిన క్లబ్బుకి స్టేడియం మిగిలింది, కప్పు మిగిలింది, ఎక్కిన మెట్లు మాత్రం మిగల్లేదు. ఊరివాళ్ళు 'ఆవెస్ 1930' అని పేరు పెట్టుకుని జిల్లా పోటీల్లో అన్నిటికన్నా కింది మెట్టు నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. దేశం కప్పు గెలిచిన రెండేళ్ళకి!

ఆ తర్వాత జరిగింది ఇంకా విచిత్రం. 2023లో లిస్బన్ దగ్గర విలా ఫ్రాంకా ద షీరా అనే ఊరి కంపెనీ ఒకటి, రెండో లీగులో తనకున్న చోటుతో సహా, సుమారు మూడు వందల కిలోమీటర్లు దాటి ఈ ఊరొచ్చేసింది. పేరు ఏవీఎస్ అని మార్చుకుంది. ఆవెస్ స్టేడియంలోనే ఆడుతూ 2024లో పెద్ద లీగులోకి వచ్చింది. అంటే ఊళ్ళోకి మళ్ళీ పెద్ద ఆట వచ్చింది, బెన్ఫికా మళ్ళీ వచ్చింది, టికెట్లు అమ్మారు. మరి అది ఆవెస్సేనా? ఒక ఊళ్ళో నాటిన మొక్కని వేళ్ళతో సహా పెకలించి ఇంకో ఊళ్ళో పాతితే, అది ఏ ఊరి చెట్టు? విలా ఫ్రాంకాలో ఉన్న మీ వయసు పిల్లలు ఆదివారం ఎవరి ఆట చూడాలి? నేను నానమ్మని అడిగితే, "నన్ను పుట్టింటి నుంచి ఇక్కడికి తెచ్చారు కదా, మరి నేను ఏ ఊరిదాన్ని?" అంది. ఇక నేనేం చెప్తాను.

మీరొక పని చెయ్యండి. ముందు మ్యాప్ తెరిచి ఆవె నది ఎక్కడుందో వెతకండి, పక్కనే విజేలా అని ఇంకో నది వచ్చి దాంట్లో కలుస్తుంది, ఆ రెంటి దగ్గరే ఊరు. స్టేడియం ఊరికన్నా పెద్దగా కనిపిస్తుందేమో చూడండి. తర్వాత ఈ ఆదివారం పొద్దున ఆరింటికి లేచి (నాన్నని లేపకండి, పాపం) మీ కాలనీ గ్రౌండ్‌కి వెళ్ళండి. అక్కడ ఆడే అన్నయ్యల బంతి ఎవరిదో, నెట్టు ఎవరు కొన్నారో, వర్షం వస్తే ఎవరింట్లో దాస్తారో అడిగి తెలుసుకుని నాకు రాయండి. వాయిస్ మెసేజ్ వద్దు, రాయండి.

నానమ్మ అరిసెలు పంపుతోంది, చిన్నా నాలుగూ నువ్వే తినకు.

మీ
తాతయ్య