రాడార్ లెవెల్‌లో తప్పుడు ఎకోలు: అపోహలు - వాస్తవాలు

పంపు నడుస్తోంది, ట్యాంకు నిండుతోంది, కానీ రాడార్ మీటరు (ట్యాంకు పైనుంచి తరంగాలు పంపి, తిరిగొచ్చే ఎకోతో లెవెల్ కొలిచేది) చూపే లెవెల్ మాత్రం స్క్రీన్ మీద కదలడం లేదు. ప్యానెల్ ఆపరేటర్ నుంచి ఈ ఫోన్ రాగానే మా ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లలో చాలామంది నేరుగా మ్యాపింగ్ (ద్రవం నుంచి కాక ఇతర వస్తువుల నుంచి వచ్చే తప్పుడు ఎకోలను మీటరు వదిలేసేలా చేయడం) మొదలుపెడతారు. దయచేసి ముందు ఎకో కర్వ్ (ఏ దూరం నుంచి ఎంత ఎకో వస్తోందో చూపే గ్రాఫు) తెరిచి చూడండి.

అపోహ: మ్యాపింగ్ చేస్తే తప్పుడు ఎకో పోతుంది, అంతే.

వాస్తవం: "ఈ దూరంలో ఇంత ఎకో వస్తే పట్టించుకోకు" అని మీటరుకు చెప్పడమే మ్యాపింగ్. ఆ సమయంలో ట్యాంకులో ద్రవం ఉంటే దాని ఎకో కూడా అందులో కలిసిపోవచ్చు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సాల్వెంట్ ట్యాంకుకు, లోపల 4 మీటర్ల సరుకు ఉండగా, అడుగు దాకా మ్యాప్ తీశాను. అప్పుడు ట్యాంకు ఖాళీ చేస్తున్నారు కాబట్టి తేడా తెలియలేదు. మళ్లీ నింపేటప్పుడు లెవెల్ సరిగ్గా ఆ ఎత్తుకు రాగానే ఎకో పోయిందని అలారం మోగింది.

ఖాళీ ట్యాంకులో చేయడమే మంచిది. కుదరకపోతే డిప్ టేప్‌తో (పైనుంచి ట్యాంకులోకి దించే కొలత టేపు) కొలిచి, ద్రవానికి కాస్త పైవరకే మ్యాప్ దూరం ఇవ్వండి. అజిటేటర్ (సరుకును కలిపే రెక్కల యంత్రం) ఉంటే అది తిరుగుతుండగా తీయాలి. ఆగి ఉంటే రెక్క ఒక్క చోటే నమోదవుతుంది. ఖాళీ ట్యాంకులో దాన్ని నడపవచ్చో లేదో ముందు మెకానికల్ వాళ్లను అడగండి.

అపోహ: అన్నిటికన్నా పెద్ద ఎకోయే అసలు లెవెల్.

వాస్తవం: నీరు తన మీద పడిన రాడార్ శక్తిలో 60 శాతానికి పైగా తిప్పి పంపుతుంది. డీజిల్ పంపేది 4 శాతం లోపే. పక్కనున్న ఇనుప నిచ్చెన దాదాపు అంతా పంపేస్తుంది. అందుకే ఎకో ఎత్తుకన్నా దాని కదలిక ముఖ్యం. లెవెల్‌తో పాటు జరిగేది ద్రవం. ఎంత నింపినా ఉన్నచోటే ఉండేది నిచ్చెనో, వెల్డింగ్ అతుకో, హీటింగ్ కాయిలో. లెవెల్‌కు రెట్టింపు వేగంతో జరిగేది ద్రవానికీ పైకప్పుకూ మధ్య రెండుసార్లు తిరిగి వచ్చిన ఎకో. డోమ్ పైకప్పుకు సరిగ్గా నడిమధ్య బిగిస్తే ఈ బాధ ఎక్కువ.

అపోహ: 80 గిగాహెర్ట్జ్ మీటరు పెడితే ఇక టెన్షన్ ఉండదు.

వాస్తవం: చాలావరకు తగ్గుతుంది, ఎందుకంటే ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ కిరణం సన్నబడి, నిచ్చెన లాంటివాటిని తక్కువగా తాకుతుంది. 10 డిగ్రీల కిరణం 10 మీటర్ల కింద 1.75 మీటర్ల వెడల్పుకు విచ్చుకుంటుంది, 3 డిగ్రీలదైతే అర మీటరే. కానీ ఇన్‌లెట్ ధారకు ఎదురుగా బిగించినా, యాంటెన్నాకు సరుకు పేరుకున్నా ఈ మీటరూ తప్పు చూపిస్తుంది.

అపోహ: రీడింగ్ నిలకడగా ఉందంటే మీటరు బాగున్నట్టే.

వాస్తవం: 2005 డిసెంబరు 11 తెల్లవారుజామున ఇంగ్లండ్‌లోని బన్స్‌ఫీల్డ్ డిపోలో పెట్రోలు ట్యాంకు నిండుతుండగానే గేజ్ ఒకే అంకె దగ్గర ఆగిపోయింది. ట్యాంకు పొంగకుండా ఆపాల్సిన ఓవర్‌ఫిల్ స్విచ్ కూడా పనిచేయలేదు. పెట్రోలు పొంగి పేలుడు జరిగింది. అక్కడిది రాడార్ కాదు, సర్వో గేజ్ (తీగకు వేలాడే బరువుతో ద్రవం ఉపరితలాన్ని కనిపెట్టేది). అయినా తప్పుడు ఎకోను పట్టుకున్న రాడార్ కూడా స్క్రీన్ మీద అలాంటి తిన్నని గీతే గీస్తుంది. పంపు నడుస్తుంటే లెవెల్ కదలకపోతే, ముందు పంపు ఆపించి, తర్వాత డిప్ టేప్‌తో మనిషిని పంపండి.