వంతెన మీద ఎవరి పేరుంటే వాళ్ళే కట్టారా? రైళ్ళు, కాలువల ఫోటోలు: అపోహలు - వాస్తవాలు

ధవళేశ్వరం లాకుల దగ్గర, అంటే పడవలను ఒక నీటిమట్టం నుంచి ఇంకో నీటిమట్టానికి దాటించే కాలువ తలుపుల దగ్గర, కెమెరాతో నిలబడ్డప్పుడల్లా ఎవరో ఒకరు సైకిలాపి అడుగుతారు: "ఏముందండీ ఇక్కడ తీయడానికి?" ఆ లాకు తలుపులు మూసినప్పుడు ఎలా ఉన్నాయో ఒక్కసారి చూడండి అంటాను. రెండు తలుపులూ ఒకే గీతలో ఉండవు. నీటిమట్టం ఎక్కువగా ఉన్న వైపుకి కోణం తిరిగి, ఒకదాని అంచు ఒకటి నొక్కుకుని ఉంటాయి. నీళ్ళు ఎంత నెడితే అంత బిగుసుకుంటాయి. గడియ అక్కర్లేదు, నీళ్ళే గడియ. ఇది చెప్పాక అడిగినాయన వెళ్ళిపోడు, ఇంకో పది ప్రశ్నలు అడుగుతాడు.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో వంతెనలు, కాలువలు, రైళ్ళు చాలా ఏళ్ళుగా తీస్తున్నాను. కొత్తగా కెమెరా పట్టిన పిల్లలు నా దగ్గరికి తెచ్చే అపోహల్లో ఎక్కువ భాగం కెమెరాకు సంబంధించినవి కావు. ఎదురుగా ఉన్న కట్టడం ఏం పని చేస్తోందో తెలియకపోవడం వల్ల వచ్చినవి. ఆ పని తెలిస్తే ఎక్కడ నిలబడాలో కాళ్ళకే తెలుస్తుంది.

అపోహ: కట్టడానికి ఎవరి పేరుందో కట్టింది వాళ్ళే

రాజమహేంద్రవరం దగ్గరి పాత రైలు వంతెననే తీసుకోండి. హేవలాక్ వంతెన అంటాం. హేవలాక్ అప్పటి మద్రాసు గవర్నరు, ఇంజినీరు కాదు. 1897లో పని మొదలుపెట్టి 1900లో రైలు నడిచేలా చేసిన ఇంజినీరు గ్రాన్‌విల్ వాల్టన్. అంతకుముందు కాశీలో గంగ మీద డఫ్రిన్ వంతెన కట్టిన అనుభవం ఆయనది. ఒక్కొక్కటి 150 అడుగుల చొప్పున 56 ఖానాలతో (స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు) వాల్టన్ గోదావరిని దాటించాడు. దాదాపు వందేళ్ళు రైళ్ళను మోసి 1997లో ఆ వంతెన విశ్రాంతి తీసుకుంది. దాని ముందు నిలబడి ఫోటోలు తీసుకునేవాళ్ళలో వాల్టన్ పేరు విన్నవాళ్ళు నాకు ఇప్పటికీ అరుదుగానే కనిపిస్తారు. బకింగ్‌హాం కాలువదీ ఇదే కథ. అది కూడా మద్రాసు గవర్నరుగా పనిచేసిన ప్రభువు పేరే. 1876-78 కరువులో కూలికి వచ్చి మట్టి తవ్విన వేల చేతుల పేర్లు దాని గట్టున ఎక్కడా లేవు.

కాటన్ దొర విషయంలో మాత్రం పేరూ పనీ ఒక్క మనిషివే. అక్కడా అపోహ ఇంకో రకంగా వచ్చి కూర్చుంటుంది: అంతా ఆయన ఒక్కడే చేశాడని. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలైంది. 1848లో కాటన్ ఆరోగ్యం చెడి ఆస్ట్రేలియా వెళ్ళాల్సి వచ్చింది. ఆ కాలంలో భారం మోసింది కెప్టెన్ ఆర్ (Orr) అనే అధికారి. కూలీలను సమీకరించి, వాళ్ళ మాటా దొరల మాటా ఒకరికొకరికి అర్థమయ్యేలా చేసి పని నడిపించిన తెలుగు ఇంజినీరు వీణెం వీరన్న. ఇసుక మీద ఆనకట్ట ఎలా నిలుస్తుందో కాటన్ నేర్చుకున్నది కావేరి మీద చోళుల కాలపు కల్లణై ఆనకట్టని చూసి. ఆ సంగతి ఆయన దాచుకోలేదు. కాబట్టి "కాటన్ కట్టడం" అని మీ ఫోటో కింద రాసేటప్పుడు ఇంకో వాక్యం కలపండి. ఫోటోకి విలువ పెరుగుతుంది తప్ప తగ్గదు.

అపోహ: ధవళేశ్వరంలో గేట్లతో కనబడేదే కాటన్ ఆనకట్ట

కాదు. ఇప్పుడు మనం బండి మీద దాటే బ్యారేజీ 1982 ప్రాంతంలో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయలన్నీ కలిపి 175 గేట్లు. కాటన్ 1852 నాటికి కట్టింది పొట్టి రాతి గోడ లాంటిది. వరద దాని మీంచి పొర్లిపోయేది. విజయవాడలోనూ ఇంతే. 1855లో పూర్తయిన ఆనకట్ట 1952లో తెగింది, దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ధవళేశ్వరం కొత్త బ్యారేజీ ఫోటో పెట్టి కింద "1852" అని రాస్తే తప్పు ఒకటి కాదు, రెండు. కాటన్ పనికి అన్యాయం, బ్యారేజీ కట్టిన ఇంజినీర్లకు ఇంకో అన్యాయం.

అపోహ: కాలువ నిండుగా ఉన్నప్పుడే తీయాలి

నిండు కాలువ అందమే, కాదనను. గట్టున కొబ్బరిచెట్లు, నీళ్ళలో వాటి నీడలు. ఆ ఫోటో ఇప్పటికే లక్షమంది తీశారు. నాకు కాలువ బాగా అర్థమైంది అది ఎండినప్పుడే. డెల్టా కాలువలకు వేసవిలో నీళ్ళు ఆపి మరమ్మతులు చేస్తారు. ఆ కొద్ది వారాల్లో అడుగు కనబడుతుంది. గట్లకు పేర్చిన రాయి, తూము నోరు, నీళ్ళ వేగాన్ని విరగ్గొట్టడానికి కట్టిన మెట్టు, లాకు తలుపు అడుగున ఆనుకునే గడప, ఇవన్నీ మామూలు రోజుల్లో నీళ్ళ కిందే ఉంటాయి. లస్కర్లు (కాలువ చూసుకునే పనివాళ్ళు), మేస్త్రీలు పనిలో ఉంటారు. అనుమతి అడిగి, వాళ్ళకు అడ్డం రాకుండా ఓ పక్కన నిలబడి తీయండి. జూన్‌లో నీళ్ళు వదిలాక సరిగ్గా అదే చోటికి వెళ్ళి మళ్ళీ తీయండి. రెండు ఫోటోలూ పక్కపక్కన పెడితే ఇంజినీరింగు పాఠం దానంతటదే చెప్పుకుంటుంది.

ఇంకో సంగతి. డెల్టాలో పంట కాలువ పల్లంలో పారదు, మెరక మీద పారుతుంది. రెండు పక్కలా చేలకి నీళ్ళు వాటంతటవే దిగాలంటే అలాగే ఉండాలి. పల్లంలో పారేది మురుగు కాలువ. గట్టు మీద నిలబడి కెమెరాను నీటిమట్టానికి దించి, ఒక పక్క కాలువ నీళ్ళు, ఇంకో పక్క వాటికంటే కింద ఉన్న వరిచేలు ఒకే ఫ్రేములో పట్టండి. డ్రోన్ ఫోటోలో ఈ ఎత్తుపల్లాలు చదునైపోతాయి. అందుకే కాలువలకి డ్రోన్ తప్పనిసరి అనే మాట నేను ఒప్పుకోను.

పోలరైజర్ ఫిల్టరు గురించి కూడా చెప్పాలి. నీటి మెరుపు తీసేస్తుంది కాబట్టి కాలువ దగ్గర ఎప్పుడూ పెట్టే ఉంచాలంటారు. నీటి ఉపరితలానికి సుమారు 37 డిగ్రీల వాలులో చూస్తున్నప్పుడే అది బాగా పనిచేస్తుంది. తిన్నగా కిందికి చూస్తే దాదాపు ఏమీ చేయదు. పైగా గోదావరి కాలువ నీళ్ళు ఒండ్రు నీళ్ళు. మెరుపు తీసేస్తే లోపల కనబడేది బురద రంగే. నీళ్ళ మీద నీడ కావాలంటే ఫిల్టరు తీసేయండి.

అపోహ: కమాను అందం కోసం

1997లో వాడకంలోకి వచ్చిన గోదావరి కమాను వంతెన తెలుగువాళ్ళకు బాగా ఇష్టమైన వంతెన. ఒక్కొక్కటి 97.55 మీటర్ల చొప్పున 28 ఖానాలు, అన్నీ కాంక్రీటువే. ఆ కమానులు అలంకారమనుకుని కేవలం వాటి వంపునే తీసేవాళ్ళు చాలామంది. నిజానికి రైలు బరువు నడిచే దారి అదే. పట్టాలున్న దూలం కమాను నుంచి దిగిన నిలువు కడ్డీలకు వేలాడుతుంది. కమాను ఆ బరువుని రెండు కొసలకూ చేరవేస్తుంది. బరువు పడినప్పుడు కమాను కాళ్ళు బయటికి జరగబోతాయి కదా, వాటిని జరగనీయకుండా బిగించి పట్టేది మళ్ళీ ఆ కింది దూలమే. వింటినారి విల్లుని పట్టినట్టు. అందువల్ల స్తంభాల మీద వాటిని పక్కకి నెట్టే భారం పడదు, వరుసగా 28 ఖానాలూ నది మధ్యలో నిలవగలిగాయి.

ఇది తెలిస్తే ఫోటో మారుతుంది. సూర్యాస్తమయంలో నల్లటి నీడగా తీస్తే కమాను గీత ఒక్కటే మిగులుతుంది. బరువు మోసే కడ్డీలు ఆ చీకట్లో పలచబడిపోతాయి. రైలు వంతెన మీద ఉన్న క్షణంలో, పక్క వెలుతురులో, కడ్డీ కడ్డీకీ మధ్య పెట్టెలు కనబడేలా తీయండి. టెలి లెన్సు కమానులను దగ్గరికి లాగుతుందనే మాట కూడా వింటుంటాను. లాగేది లెన్సు కాదు, మీరు నిలబడ్డ దూరం. రేవుల్లో ఏటవాలుగా, దూరంగా నిలబడితే కమానులు ఒకదాని మీద ఒకటి పడినట్టు కనబడతాయి. లెన్సు ఆ ముక్కను కోసి ఇస్తుంది, అంతే.

అపోహ: గోదావరి వంతెనకి సాయంత్రమే సమయం

రాజమహేంద్రవరం రేవుల్లోంచి చూస్తే సూర్యుడు కొవ్వూరు వైపు దిగుతాడు కాబట్టి ఈ అలవాటు వచ్చింది. వంతెనలు దాదాపు తూర్పు పడమరలుగా ఉన్నాయి. చలికాలంలో సూర్యుడు ఆగ్నేయంలో లేస్తాడు. ఉదయం ఎండ వంతెన దక్షిణపు ముఖం మీద పడుతుంది, దిగువ వైపు నిలబడాలి. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మన అక్షాంశంలో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు కూడా ఉత్తరానికే ఉంటాడు. ఆ రోజుల్లో ఎగువ వైపుకి వెళ్ళాలి. జేబులో దిక్సూచి ఉంటే సగం పని అయినట్టే.

అపోహ: రైలుకి షట్టర్ ఎంత వేగంగా ఉంటే అంత మంచిది

గంటకు 110 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 30 మీటర్ల పైన. 1/1000 సెకనులో రైలు 3 సెంటీమీటర్లు కదులుతుంది, 1/250లో 12 సెంటీమీటర్లు. పక్క నుంచి 1/2000లో తీస్తే చక్రం మీది బోల్టు కూడా కనబడుతుంది, కానీ రైలు స్టేషన్లో ఆగి ఉన్నట్టే ఉంటుంది. ఇంజనుతో పాటు కెమెరాను తిప్పుతూ 1/60లో తీస్తే వెనక చెట్లు గీతలుగా సాగి వేగం తెలుస్తుంది. పది తీస్తే ఒకటి కుదురుతుంది, ఓపిక పట్టాలి. రైలు మీ వైపుకి ఏటవాలుగా వస్తుంటే 1/500 సరిపోతుంది.

అసలు ఎక్కువమంది దెబ్బతినేది ఇంకోచోట. ఒక ఎక్స్‌ప్రెస్ కోసం తెల్లవారుజామునే వెళ్ళి, చప్పుడు రాదని ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టి తీశాను. ఇంటికొచ్చి చూస్తే పెట్టెల కిటికీలన్నీ ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి. షట్టర్ వేగం సరిగ్గానే ఉంది. సెన్సారు పైనుంచి కిందికి వరస వరసగా చదవడానికి 1/30 సెకను తీసుకుంటే, ఆ లోపు రైలు మీటరు దూరం జరిగిపోతుంది. పై వరసకీ కింది వరసకీ మధ్య ఆ జరుగుడంతా వంకరగా నమోదవుతుంది. మెకానికల్ షట్టర్ ఉంటే అదే వాడండి. ఫోనుతో అయితే అడ్డంగా పోయే రైలుని దగ్గర్నుంచి తీయకండి, ఎదురుగా వచ్చేదాన్ని దూరం నుంచి తీయండి.

అపోహ: రైలొస్తే చప్పుడు వినబడుతుందిగా

ఈ నమ్మకం ప్రాణాలు తీస్తుంది. కరెంటు ఇంజను ముందు వైపు నిలబడ్డవాళ్ళకు చప్పుడు చాలా ఆలస్యంగా అందుతుంది. గాలి ఎదురైతే ఇంకా ఆలస్యం. 300 మీటర్ల దూరంలో కనబడ్డ రైలు 10 సెకన్లలో మీ మీద ఉంటుంది. కెమెరాలో కన్ను పెట్టినవాడికి ఆ 10 సెకన్లు తెలియవు. ఒక లైను మీద గూడ్సు పోతుంటే దాని హోరులో రెండో లైను మీది రైలు అసలు వినబడదు. పైన తీగల్లో 25 వేల వోల్టులు. తాకక్కర్లేదు, దగ్గరికెళ్ళినా లాగేస్తుంది, కాబట్టి పాదచారుల వంతెన మీద ట్రైపాడు, సెల్ఫీ కర్ర పైకెత్తకండి. అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్ళడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం నేరం. ఫుట్‌బోర్డు మీద ప్రయాణానికి 156వ సెక్షన్ ఉంది. పట్టాల మధ్య నిలబడి తీసిన ఫోటో ఎంత బాగున్నా నేను మెచ్చుకోను, ఇంకొకరికి చూపించను.

బ్యారేజీలు, డ్యాముల దగ్గర నిషేధపు బోర్డు ఉంటే అక్కడితో ఆగిపోండి. అధికార రహస్యాల చట్టం కింద రైలు మార్గాన్నీ, నీటి కాలువనీ కూడా నిషిద్ధ స్థలంగా ప్రకటించే వీలుంది. "అందరూ తీస్తున్నారు కదా" అనేది అక్కడ జవాబు కాదు.

అపోహ: ఇంజినీరు ఫోటో అంటే హెల్మెట్, చేతిలో డ్రాయింగు

రిటైరైన కాలువల ఇంజినీరు ఒకాయన్ని నేను మొదట అలాగే కూర్చోబెట్టాను. ఫోటో బావుంది, ఆయన మాత్రం అందులో లేరు. రెండోసారి ఆయన పనిచేసిన తూము దగ్గరికి కలిసి వెళ్ళాం. "ఏది ముందు చెడిపోతుందండీ ఇక్కడ?" అని అడిగాను. ఆయన వంగి రాతి సందుల్లో వేలు పెట్టి చూపించారు. ఆ వంగిన నడుమూ ఆ వేలూ, అదీ ఆయన ఫోటో. పట్టాల మీద సుత్తితో నడిచే కీమన్‌కైనా ఇంతే. నిలబెట్టకండి, పని చేయనివ్వండి, పేరు రాయడానికి ఆయన అనుమతి అడగండి.

పోయినవాళ్ళ ఫోటో తీయలేం. వాళ్ళు వదిలిన రాళ్ళున్నాయి. కోనసీమలో గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద లెఫ్టినెంట్ హేగ్ 49 కమానులతో కట్టించిన పాత అక్విడెక్టు (నది మీదుగా కాలువను దాటించే వంతెన) శిథిలాలు ఇంకా నిలబడే ఉన్నాయి. దాని పని ఇప్పుడు డొక్కా సీతమ్మగారి పేరున్న కొత్త అక్విడెక్టు చేస్తోంది. ఇలాంటి చోట్ల, పాత లాకుల దగ్గర, వంతెన కొసల్లో సంవత్సరమో పేరో చెక్కిన రాయి కనబడితే అక్షరాలు తేలాలని సుద్దముక్క రుద్దేవాళ్ళుంటారు. రుద్దకండి, రాయి అరుగుతుంది. సాయంత్రం దాకా ఆగండి, లేదా గొడుగు అడ్డం పెట్టి రాతి మీద నీడ చేయండి. టార్చిలైటుని రాతి పక్కన, దాదాపు దానికి ఆనించినట్టు పట్టుకుని అడ్డంగా వెలుగు వేయండి. చూస్తుండగానే అక్షరాలు ఒక్కొక్కటే పైకి లేస్తాయి.